ఇంట్లో కాదు, బయట: కుక్కపిల్లకి పాస్ అలవాటు చేయడం ఎలా

కొత్తగా తెచ్చిన కుక్కపిల్ల గదంతా తిరుగుతుంది, మూలమూలా వాసన చూస్తుంది, మీ కాళ్ళకి అడ్డం పడుతుంది. మీరు మురిపెంగా చూస్తుండగానే హాలు మధ్యలో కూర్చుని పాస్ పోసేస్తుంది. అది తప్పని దానికి తెలియదు. ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కూడా తెలియదు. దానికి తెలిసింది కాళ్ళ కింద తగిలే నేల ఒక్కటే. మట్టికి, గడ్డికి, టైల్స్‌కి, గుడ్డకి ఉన్న తేడా మాత్రం దాని అరికాళ్ళకి బాగా తెలుసు.

పుట్టిన మొదటి రెండు మూడు వారాలు పిల్లకి తనంతట తానుగా పాస్ రాదు. తల్లి నాకితేనే వస్తుంది. ఆ తర్వాత నాలుగడుగులు వేయడం రాగానే, పడుకున్న చోటు వదిలి కాస్త పక్కకి వెళ్ళి పోస్తుంది. ఎవరూ నేర్పకుండా వచ్చే బుద్ధి ఇది. రెండు నెలలు దాటేసరికి ఏ నేల మీద ఎక్కువసార్లు పోసిందో ఆ నేలే అలవాటవుతుంది. ట్రైనింగ్ అంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది: పడుకునే చోటు పాడుచేసుకోదు, అలవాటైన నేలనే వెతుక్కుంటుంది. మీకు కావలసిన నేల మీద వీలైనన్నిసార్లు పోసేలా, మిగతా చోట్ల పోసే అవకాశమే రాకుండా చూడాలి. ఇంట్లో పోసిన ప్రతిసారీ "ఇక్కడ కూడా పోయొచ్చు" అన్న పాఠం ఒకటి ఎక్కుతుంది. అందుకే దీన్ని కుక్కకి పెట్టే పరీక్షగా కాకుండా, మనం కాయాల్సిన కాపలాగా చూడమంటాను.

ముందు చోటు ఖాయం చేయండి

పిల్లని తెచ్చే రోజుకి ముందే చోటు అనుకోండి. ఇంటికి రాగానే లోపలికి తీసుకెళ్ళొద్దు, మొదట ఆ చోటికే తీసుకెళ్ళండి. ప్రయాణంలో ఆపుకుని ఉంటుంది కాబట్టి అక్కడ పోసే అవకాశం ఎక్కువ. మొదటి పాఠం సరైన చోటే పడుతుంది. ఆ తర్వాత కూడా రోజూ అదే తలుపు, అదే దారి, అదే మూల. నిన్నటి వాసన అక్కడ ఉంటుంది కాబట్టి ఇవాళ పని తొందరగా అవుతుంది.

ఒక జాగ్రత్త. టీకాల కోర్సు పూర్తయ్యే దాకా, అంటే సుమారు 16 వారాల వయసు వచ్చే దాకా, ఎవరివో తెలియని కుక్కలు తిరిగే నేల మీద పిల్లని దింపొద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, కుక్కపిల్లలకి ప్రాణాంతకం. సొంత పెరడు ఉంటే సరే. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు బాల్కనీలో ఒక వెడల్పాటి ట్రే పెట్టి, అందులో మట్టి పోసి గడ్డి పరిస్తే చాలు. మీ పిల్లకి బయటి నేల ఎప్పటి నుంచి తొక్కించొచ్చో మీ వెటర్నరీ డాక్టర్‌నే అడగండి.

పీ ప్యాడ్ల గురించి, అంటే ఇంట్లో నేల మీద పరిచే, తడి పీల్చుకునే షీట్ల గురించి, నా అభిప్రాయం చెప్తాను. వేరే దారి లేకపోతే వాడండి, కానీ మొదటి ఎంపికగా వద్దు. ప్యాడ్ మీద పోయడం నేర్చిన పిల్ల అరికాలికి నేర్పింది "మెత్తగా ఉన్నదాని మీద పోయాలి" అని. డోర్ మ్యాట్ మెత్తగానే ఉంటుంది, కార్పెట్ మెత్తగానే ఉంటుంది, మంచం మీద నుంచి జారిన దుప్పటీ అంతే. పైగా ప్యాడ్ నేర్పి, తర్వాత దాన్ని మాన్పించి బయట నేర్పడం అంటే ఒకే పని రెండుసార్లు. గడ్డి ట్రేతో ఈ గొడవ లేదు. రేపు కిందికి తీసుకెళ్ళినా కాళ్ళ కింద అదే గడ్డి. ఇప్పటికే ప్యాడ్ అలవాటైపోయి ఉంటే, దాన్ని రోజుకి కొద్దికొద్దిగా తలుపు వైపు జరుపుతూ, చివరికి బయట పెట్టి, అక్కడ ప్యాడ్ సైజు తగ్గిస్తూ రండి.

గడియారం చూడటం మీ పని

రెండు నెలల పిల్లకి ఆపుకునే శక్తి ఇంకా రాలేదు. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య, అది గంటల్లో దాని గరిష్ఠ పరిమితి అని ఒక మోటు లెక్క ఉంది. రెండు నెలలకి మూడు గంటలు, మూడు నెలలకి నాలుగు. అది కూడా కదలకుండా పడుకున్నప్పటి మాట. లేచి తిరుగుతున్నప్పుడు ఈ లెక్క పనికిరాదు. మెలకువగా ఉన్న రెండు నెలల పిల్లని ముప్పావు గంటకోసారి, ఆడుతుంటే ఇంకా ముందే తీసుకెళ్ళాలి. చిన్న జాతి కుక్కలకి మూత్రాశయం కూడా చిన్నదే, వాటికి ఇంకాస్త తరచుగా.

గంటల కంటే ముఖ్యమైనవి కొన్ని సందర్భాలు. నిద్ర లేచిన వెంటనే తీసుకెళ్ళాలి, పావుగంట కునుకైనా సరే. ఆట మధ్యలో ఒకసారి, ఆట అయ్యాక ఒకసారి. నీళ్ళు బాగా తాగిన తర్వాత. ఇంటికి ఎవరైనా వచ్చి పిల్ల ఉత్సాహపడినప్పుడు. తిన్న తర్వాత అయితే ఐదు నిమిషాల నుంచి అరగంట లోపు రెంటికి వస్తుంది. కడుపులో తిండి పడగానే పేగులు కదలడం మొదలుపెడతాయి, దాన్ని ఆపడం పిల్ల చేతిలో లేదు.

ఇక్కడే తిండి వేళలు అక్కరకొస్తాయి. గిన్నె రోజంతా నింపి ఉంచితే పిల్ల ఎప్పుడు తింటుందో తెలియదు, ఎప్పుడు వెళ్తుందో తెలియదు. నాలుగు నెలల లోపు పిల్లకి రోజుకి మూడు నాలుగు సార్లు, ఒకే వేళకి పెట్టండి. పావుగంట తర్వాత గిన్నె తీసేయండి. తిండి వేళకి పడితే మిగతాది కూడా వేళకి పడుతుంది. నీళ్ళు మాత్రం పగలు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పాస్ తగ్గుతుందని నీళ్ళు దాచేవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

మొదటి వారం ఒక కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఎక్కడ పోసింది రాయండి. ఇంట్లో నలుగురు ఉంటే ఇది తప్పనిసరి, లేకపోతే ఒకరు తీసుకెళ్ళారని ఇంకొకరు అనుకుంటారు. నాలుగో రోజుకల్లా మీ పిల్ల టైమ్ టేబుల్ ఆ కాగితం మీద కనిపిస్తుంది. మా బుజ్జి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య మిగతా రోజంతటి కంటే ఎక్కువసార్లు పోసేదని నాకు అలాగే తెలిసింది. దాని ఆట అంతా ఆ వేళకే.

అక్కడికి వెళ్ళాక

పెరట్లోకైనా సరే, లీష్ వేసే తీసుకెళ్ళండి. వదిలేస్తే సీతాకోకచిలుక వెంట పోతుంది, వచ్చిన పని మర్చిపోతుంది, లోపలికి రాగానే గుర్తొస్తుంది. చోటు దగ్గర నిలబడి ఊరుకోండి. మాట్లాడొద్దు, ఆడించొద్దు, ఫోన్ చూడొద్దు. నాలుగైదు నిమిషాలు చాలు. అది వంగడం మొదలుపెట్టినప్పుడు మెల్లగా ఒకే మాట అనండి, "సుస్సు" అనో మరొకటో. ఇంట్లో అందరూ అదే మాట వాడాలి. కొన్ని వారాలకి ఆ మాట వినగానే పోయడం అలవాటవుతుంది. వాన పడుతున్న రాత్రి, ప్రయాణం మధ్యలో ఆ మాట ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

పోయడం పూర్తయ్యే దాకా ఆగండి. మధ్యలో "శభాష్" అంటూ సంబరపడితే పిల్ల సగంలో ఆపేసి మీ దగ్గరికి పరిగెత్తుకొస్తుంది, మిగతా సగం ఇంట్లోకొచ్చి పోస్తుంది. పూర్తయిన ఒకటి రెండు సెకన్లలో ట్రీట్ నోట్లో పడాలి. బఠాణీ గింజంత ముక్క చాలు, కానీ అది మీ జేబులో ముందే ఉండాలి. ఇంట్లోకి వచ్చాక డబ్బా తీసి ఇస్తే, ఇంట్లోకి వచ్చినందుకు ఇచ్చారని అర్థం చేసుకుంటుంది.

పని అవగానే లోపలికి లాక్కురావద్దు. రెండు నిమిషాలు అక్కడే ఆడనివ్వండి, లేదా కాస్త నడిపించండి. పోసిన మరుక్షణం సరదా అయిపోతుందని తెలిస్తే తెలివైన పిల్ల ఆపుకుని సాగదీయడం నేర్చుకుంటుంది.

ఐదు నిమిషాలు నిలబడ్డా పోయకపోతే? లోపలికి తీసుకురండి, కానీ వదలొద్దు. ఒళ్ళో పెట్టుకోండి, లేదా లీష్ పట్టుకుని పక్కనే ఉంచుకోండి. పది నిమిషాలాగి మళ్ళీ వెళ్ళండి. చాలా ఇళ్ళల్లో తప్పు జరిగేది ఈ పది నిమిషాల్లోనే. "ఇందాకే తీసుకెళ్ళాను కదా" అనుకుని వదిలేస్తాం. తీసుకెళ్ళడం కాదు లెక్క, పోయడం లెక్క.

ఇంట్లో ఉన్నప్పుడు

పిల్ల మీ కళ్ళ ముందైనా ఉండాలి, లేదా చిన్న చోట్లో భద్రంగా అయినా ఉండాలి. మధ్యస్థంగా ఇంకోటి లేదు. వంట చేస్తుంటే లీష్ మీ నడుముకి కట్టుకోండి. స్నానానికి వెళ్తే క్రేట్‌లో, అంటే కుక్క పడుకునే తలుపున్న బోనులో, పెట్టండి.

క్రేట్ సైజు ముఖ్యం. నిలబడటానికి, తిరగడానికి, కాళ్ళు చాపి పడుకోవడానికి సరిపోవాలి, అంతకంటే పెద్దదైతే ఒక మూల పడకగా, ఇంకో మూల టాయిలెట్‌గా వాడేస్తుంది. పెద్ద క్రేట్ కొన్నవాళ్ళు మధ్యలో అడ్డం పెట్టి, పిల్ల పెరిగేకొద్దీ జరపొచ్చు. అది శిక్ష వేసే చోటు కాకూడదు. తిండి అందులోనే పెట్టండి, మొదట్లో తలుపు తెరిచే ఉంచండి. పైన చెప్పిన గంటల లెక్క దాటి అందులో ఉంచితే పిల్ల తన పడక మీదే పోయాల్సి వస్తుంది. అలా కొన్నిసార్లు జరిగితే పడక పాడుచేసుకోకూడదన్న బుద్ధే పోతుంది, ఇక క్రేట్ పనికిరాదు. మురికి బోనుల్లో పెరిగిన పిల్లలకి ఈ బుద్ధి ముందే పోయి ఉంటుంది. వాటికి క్రేట్ బదులు కంచెలాంటి ప్లేపెన్, అందులో ఒక వైపు పడక, రెండో వైపు గడ్డి ట్రే పెట్టి, గంటకోసారి బయటికి తీస్తూ ఓపిగ్గా మొదలుపెట్టాలి.

కళ్ళ ముందు ఉన్నప్పుడు ఏం చూడాలో చెప్తాను. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. నోట్లో బొమ్మ జారిపోతుంది, దాన్ని పట్టించుకోదు. ముక్కు నేలకి ఆనించి చిన్న గుండ్రంగా తిరుగుతుంది, ఇందాక వాసన చూసిన చోటికే మళ్ళీ వస్తుంది. లేదా మీకు కనబడకుండా పక్క గదిలోకి నడుస్తుంది. తర్వాత నడుం వంగుతుంది. ఇదంతా అవడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది, అంతే. ముక్కు నేలకి ఆనినప్పుడే లేస్తే అందుకుంటారు, నడుం వంగాక లేస్తే ఆలస్యమే.

పోసేసింది, ఇప్పుడేం చేయాలి?

పోస్తుండగా చూస్తే, "అరె" అని తేలిగ్గా ఒక మాట అని, ఎత్తుకుని బయటికి పట్టుకెళ్ళండి. మిగిలింది అక్కడ పోస్తే మెచ్చుకోండి. ఆలస్యంగా చూస్తే ఏమీ అనకండి, తుడిచేయండి. ముక్కు పట్టి ఉచ్చలో రాయడం, కొట్టడం, మడుగు దగ్గరికి ఈడ్చుకొచ్చి తిట్టడం, వీటివల్ల పిల్లకి బయటికి వెళ్ళాలని తెలియదు. మీరంటే భయం మాత్రం పట్టుకుంటుంది.

బుజ్జి మూడు నెలలప్పుడు కార్పెట్ మీద పోసిందని గట్టిగా అరిచాను. ఆ తర్వాత నుంచి నేను బయట ఎంతసేపు నిలబడ్డా అది పోసేది కాదు. తల పక్కకి తిప్పుకుని నిలబడేది. ఇంట్లోకి రాగానే సోఫా వెనక్కి వెళ్ళి పోసేది. మొండితనం అనుకున్నాను. నిజానికి నేను నేర్పిందే అది చేసింది: ఈ మనిషి చూస్తుండగా పోయకూడదు. మళ్ళీ నా ముందు ధైర్యంగా పోయడానికి దానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

"దానికి తప్పని తెలుసు, చూడండి ఎలా ముఖం పెట్టిందో" అంటారు. చెవులు వెనక్కి, చూపు కిందికి, తోక కాళ్ళ మధ్యకి. ఈ ముఖం మీద అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, యజమాని కోప్పడినప్పుడే ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. అంటే అది పశ్చాత్తాపం కాదు, మీ కోపాన్ని చూసి సర్దుకోవడం.

కోపం కంటే తుడవడం మీద శ్రద్ధ పెట్టండి. ఫినాయిల్ వాసన మన ముక్కుకి శుభ్రంగా అనిపిస్తుంది, కుక్క ముక్కుకి దాని కింద పాత వాసన అలాగే ఉంటుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడొద్దు, ఉచ్చ వాసనకి దగ్గరగా ఉంటాయి. బ్లీచ్ ఉచ్చ మీద పోస్తే ఘాటైన హానికర వాయువు వస్తుంది. ముందు పాత గుడ్డతో అద్ది తడంతా పీల్చండి, రుద్దొద్దు, తర్వాత పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ పోసి, డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. ఎంజైమ్‌లు వాసన కలిగించే పదార్థాన్నే విరిచేస్తాయి, దానికి సమయం కావాలి. పోసిన వెంటనే తుడిచేసి "పనిచేయలేదు" అనుకునేవాళ్ళు ఎక్కువ. ఎక్కడెక్కడ పోసిందో తెలియకపోతే రాత్రి లైట్లు తీసేసి యూవీ టార్చ్ వేసి చూడండి, ఎండిన మరకలు మెరుస్తాయి.

రాత్రిళ్ళు

చివరి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందు, చివరి పాస్ సరిగ్గా పడుకునే ముందు. క్రేట్ మీ మంచం పక్కనే ఉంచండి, పిల్ల కదిలినా మూలిగినా మీకు వినిపించాలి. రెండు మూడు నెలల పిల్లకి రాత్రి ఒకటి రెండుసార్లు లేవక తప్పదు. లేచినప్పుడు పెద్ద లైట్లు వేయొద్దు, మాటలొద్దు, ఆటలసలే వద్దు. ఎత్తుకెళ్ళి, పోయించి, తెచ్చి పడుకోబెట్టండి. నాలుగు నెలలు దాటేసరికి చాలా పిల్లలు రాత్రంతా ఆగుతాయి.

పెద్ద కుక్కని దత్తత తెచ్చుకుంటే

పెద్ద కుక్కకి ఆపుకునే శక్తి ఉంటుంది, కాబట్టి పిల్ల కంటే తొందరగా నేర్చుకుంటుంది. కానీ దానికి అన్నీ తెలుసని మాత్రం అనుకోవద్దు. వీధిలో పెరిగినది ఎప్పుడూ ఇంట్లో అడుగుపెట్టి ఉండకపోవచ్చు. షెల్టర్ నుంచి వచ్చినదానికి సిమెంటు నేల మీదే అలవాటై ఉండొచ్చు, అప్పుడు మీ గడ్డి దానికి టాయిలెట్‌లా అనిపించదు. ముందు ఎలాంటి చోట ఉందో అడిగి తెలుసుకుని, మొదట్లో అలాంటి నేల దగ్గరికే తీసుకెళ్ళండి. మిగతాదంతా రెండు నెలల పిల్లకి చేసినట్టే: వేళలు, లీష్, ట్రీట్, కాపలా.

మొదటి ఒకటి రెండు రోజులు కొన్ని కుక్కలు టెన్షన్‌తో అసలు పోయవు. మా రాణి వచ్చిన మొదటి రోజు పొద్దున నుంచి రాత్రి దాకా పోయలేదు. లీష్ తగులుతుంటే బిగుసుకుపోయేది. పొడవాటి తాడు కట్టి, నేను దానికి వీపు చూపించి దూరంగా నిలబడితే అప్పుడు పోసింది. కొత్త కుక్క మీద కళ్ళు గుచ్చి నిలబడితే దానికి పని అవ్వదు. అయితే 24 గంటలు దాటినా చుక్క కూడా పోయకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ట్రైనింగ్‌తో సంబంధం లేనివి

మీరు పలకరించగానే ఒళ్ళు ముడుచుకుని రెండు చుక్కలు వదిలే కుక్క అలవాటు తప్పలేదు, మీకు లొంగిపోయానని చెప్తోంది. పైనుంచి వంగి తల నిమరకుండా, పక్కకి కూర్చుని నెమ్మదిగా పలకరిస్తే తగ్గుతుంది. కాలెత్తి గోడ మీద, సోఫా అంచు మీద కొంచెం కొంచెం పోసే మగకుక్క తన గుర్తు వేసుకుంటోంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయిస్తే చాలా కుక్కల్లో ఇది తగ్గుతుంది.

అన్నీ నేర్చిన కుక్క హఠాత్తుగా ఇంట్లో పోయడం మొదలుపెడితే ముందు ఆరోగ్యం చూడండి. మాటిమాటికీ కొంచెం కొంచెం పోయడం, ముక్కడం, రక్తం కనబడటం మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కి గుర్తులు. నీళ్ళు విపరీతంగా తాగుతుంటే షుగర్, కిడ్నీ సమస్యలు ఉండొచ్చు. ఆపరేషన్ అయిన ఆడకుక్క నిద్రలో పక్క తడుపుతుంటే అది దానికి తెలియకుండా కారుతోంది, మందులున్నాయి. ఒక్క చుక్క పోయకుండా ముక్కుతుంటే మాత్రం ఆ పూట కూడా ఆగొద్దు.

గదులు ఒక్కొక్కటిగా ఇవ్వండి

మొదట ఒక్క గది. అక్కడ మూడు నాలుగు వారాలు తడి లేకుండా గడిస్తే రెండో గది, మొదట్లో మీతో పాటే. చాలా పిల్లలు నాలుగు నుంచి ఆరు నెలల వయసుకి కుదురుకుంటాయి, కొన్నిటికి ఏడాది పడుతుంది. ఏడెనిమిది నెలలప్పుడు, ఈడు వచ్చే వేళకి, మళ్ళీ రెండు మూడు తప్పులు జరగొచ్చు. అప్పుడు గదులు తగ్గించి, మళ్ళీ వేళకి తీసుకెళ్తే వారం పది రోజుల్లో దారికొస్తుంది. కార్పెట్ ఉన్న గది అన్నిటికంటే చివర ఇవ్వండి.

ఒక రోజు పిల్ల తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చుని మీ వైపు చూస్తుంది. కొన్ని మొరగవు, గీకవు, ఊరికే చూస్తాయి, అందుకే చాలామంది గమనించరు. అలా గమనించలేమన్న భయం ఉంటే తలుపుకి కింది ఎత్తులో ఒక గంట కట్టి, తీసుకెళ్ళే ప్రతిసారీ దాని ముక్కుతో తాకించి తలుపు తీయండి. గంట మోగినా, ఊరికే చూసినా, మొదటి కొన్ని వారాలు చేతిలో ఏ పనున్నా వదిలి వెంటనే లేవండి. రెండు మూడుసార్లు పిలిచి లాభం లేదనిపిస్తే అది పిలవడం మానేస్తుంది.